వూహాన్ చూడటానికి

"ఆ సంచి తియ్యవయ్యా, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు" విసుక్కున్నాడు ఫులిన్.

ఎదుట ఖాళీ సీట్లో వచ్చి కూర్చున్న ముసలాయన సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. అందులోంచి తామరకాయ తీసి, గింజలు ఒలిచి, ఫులిన్ భార్య యూజెన్‌కు అందించాడు.

"తిను చెల్లెమ్మా, లేతవి."

యూజెన్ చెయ్యి చాపబోయింది. మొగుడు కళ్ళెర్రజేసేసరికి వెనక్కి తీసుకుంది.

"వూహాన్‌కేనా?" అడిగాడు ముసలాయన.

"ఊఁ. ఊరు చూడటానికి."

సొంతూరు సుయిజౌలో ఇరుగుపొరుగుకూ అదే చెప్పి రైలెక్కాడు ఫులిన్.

ఊరు చూసేది ఆదివారం ఒక్కరోజే. సోమవారం పొద్దున పదింటికి అక్కడి పోలీసు కార్యాలయంలో వాళ్ళ కూతుర్ని కలవాలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఇంటికి ఒక్క బిడ్డే అన్న రోజుల్లో, మగపిల్లాడు కావాలని, మూడు నెలల పసిగుడ్డును వూహాన్‌లోని వూచాంగ్ స్టేషన్లో బెంచీ మీద వదిలేసి వచ్చారు ఇద్దరూ. పోయినేడు యూజెన్ మొగుడికి తెలియకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళి, పిల్లను వెతికే డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇచ్చింది. మొన్న పోలీసుల నుంచి ఫోను. పిల్ల దొరికింది. పేరు చున్‌యాన్‌ట.

"నేనొక్కదాన్నయినా పోతాను" అని యూజెన్ మొండికేస్తే, ఫులిన్‌కు తప్పలేదు.

"పిల్లలెంతమంది తమ్ముడూ?" మళ్ళీ కదిపాడు ముసలాయన.

"ఒక్కడే కొడుకు."

"ఆడపిల్లలు?"

యూజెన్ కిటికీ వైపు తిరిగింది.

"లేరు. ఉంటే చెప్పనా? అయినా మా ఇంటి సంగతులు నీకెందుకయ్యా?"

ముసలాయన యూజెన్ వైపు తిరిగాడు.

"అంతేనా చెల్లెమ్మా?"

ఆమె కిటికీలోంచి పొలాల వంక చూస్తూ "అంతే" అంది.

ఆయన ఒలిచిన గింజలను తిరిగి సంచిలో వేసుకున్నాడు. రైలు దిగేముందు వాళ్ళ బరువు పెట్టె తనే పైనుంచి దించిపెట్టి, జనంలో కలిసిపోయాడు.

ఆదివారం రోడ్డు పక్కన నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ తిన్నారు. ఆ ఊళ్ళో పేరుమోసిన పసుపు కొంగ గోపురం ఎక్కి దిగారు. యూజెన్ గోపురాన్ని చూడలేదు. ముప్ఫై దాటిన ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూస్తూ నడిచింది.

"మెడ పట్టేస్తుందే, ముందుకు చూడు" కసిరాడు ఫులిన్.

సాయంత్రం నది ఒడ్డున ఆగి ఫోను బయటికి తీశాడు.

"ఇటివ్వు తమ్ముడూ, ఇద్దర్నీ కలిపి ఫొటో నేను తీస్తా."

తలెత్తి చూస్తే నిన్నటి ముసలాయన!

"నువ్వా? నిన్న రైల్లో సోది, ఇవాళ ఫోను మీద కన్నా?" ఫులిన్ ఆయన కాలరు పట్టుకున్నాడు. "దొంగ! దొంగ!"

"కాదు తమ్ముడూ, మీతో ఒక్క మాట చెప్పాలని..."

"పోలీసులకు చెప్పు!"

జనం మూగారు. ఫోన్లు లేచాయి. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన యూజెన్ వంక చూశాడు. నేను దొంగను కానని నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు ఉంది ఆ చూపు.

ఆయన దొంగ కాదని యూజెన్‌కు తెలుసు. కానీ రేపు కూతుర్ని చూడబోతూ, ఇవాళ మొగుడితో రగడ ఎందుకనుకుంది. తల దించుకుంది.

కాపలావాడు ఆయన్ని తీసుకుపోయాడు.

సోమవారం తొమ్మిదింటికే కొత్త బట్టలు వేసుకుని, మొగుడితో పోలీసు కార్యాలయానికి వచ్చి కూర్చుంది యూజెన్. పది అయింది. పదిన్నర అయింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడింది.

పదకొండింటికి ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కతే లోపలికొచ్చింది.

"అమ్మాయి రాదు."

"ఆలస్యమైనా ఫర్వాలేదమ్మా, సాయంత్రం దాకా ఉంటాం" అంది యూజెన్.

"ఆలస్యం కాదు. మిమ్మల్ని కలవనని చెప్పేసింది."

"మమ్మల్ని చూడకుండానేనా?" ఫులిన్ గొంతు లేచింది.

"చూసింది. నిన్న నది ఒడ్డున మీకు పది అడుగుల్లోనే నిలబడి ఉందిట. పిలిచేదాకా రావద్దంటే ఆగిందిట."

"ఎవరు పిలిచేదాకా?"

ఆవిడ యూజెన్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ రైలు ఏదో నన్నడిగి తెలుసుకుని సుయిజౌ దాకా వెళ్ళాడాయన. మీరెలాంటి వాళ్ళో తన కళ్ళతో చూడాలన్నాడు. రైల్లో మీరేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు."

యూజెన్ మొగుడి వైపు తిరిగింది.

"దారి పొడుగునా మీరు ఆ పిల్లను తలుచుకుని ఏడ్చారని ఆమెకు చెప్పి, కలవనంటే కాళ్ళావేళ్ళా పడి నది ఒడ్డుకు తీసుకొచ్చినవాడు, నిన్న మీరు దొంగ అంటూ పట్టించినవాడు, ఆమెను ఒంటిచేత్తో పెంచిన నాన్న."