టిక్కీలో కుట్టేసిన ఫోను

కొత్త ఫోనులోని మ్యాపులో నీలం చుక్క ఒకటి, యలమంద ఎక్కడికెళితే అక్కడికి వచ్చేది. ఆ రాత్రి అతనికి భలే ఉపాయం తట్టింది. గుంటూరు యార్డుకు బయలుదేరబోతున్న లారీలో, మిరపకాయల టిక్కీ బస్తాలోకి ఫోను దూర్చి దబ్బనంతో మూతి కుట్టేశాడు.

"ఫోను కంపెనీవాడు నన్నిక గుంటూరంతా వెతుక్కుంటాడే పేరమ్మా!" అంటూ కళ్లంలో గంతులేశాడు.

"చాల్లేవయ్యా సంబరం, పడుకో" అని నవ్వింది భార్య.

లారీ చప్పుడు దూరమైంది. కీచురాళ్లు కూడా ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు పేరమ్మ పాత ఫోను మోగింది. యలమంద ఎత్తాడు. అవతల తియ్యని ఆడగొంతు.

"యలమందగారూ, మీ ఫోను లారీలో ఉంది. మీరు కళ్లంలో ఉన్నారు. దబ్బనం గుచ్చుకున్న వేలు ఇంకా నొప్పిగా ఉందాండీ?"

వేలికి గుచ్చుకున్న సంగతి అతను పేరమ్మకు కూడా చెప్పలేదు.