తలుపుకు తగిలించిన అట్ట

నోటీసుల అట్ట నాలుగు రోజులుగా ఉషిడా గారి తలుపు పిడికే వేలాడుతోంది. క్యోటోలో మా వీధిలో ఆ అట్ట ఇంటింటికీ తిరుగుతుంది. చదివినవాళ్లు తమ గడిలో ఎర్ర ముద్ర వేసి పక్కింటికి అందించాలి. ఉషిడా గారికి అందించాల్సింది నేనే.

"బెల్లు కొట్టారా ఆంటీ?" అంది మరీసా. దేశాలు చూస్తూ వచ్చి మా మేడగదిలో దిగిన పిల్ల.

"లేదమ్మా. ఒంటరి ముసలాయన, మధ్యాహ్నం పడుకుని ఉంటాడేమోనని చప్పుడు కాకుండా తగిలించి వచ్చేశా. మేం ఎవర్నీ ఇబ్బంది పెట్టం."

"అదే నోటుబుక్కులో రాసుకున్నా. మా ఊళ్లో అయితే గట్టిగా దగ్గినా పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదేస్తారు. ఇక్కడెంత మర్యాదో!"

నాకు గర్వంగానే అనిపించింది. ఎందుకైనా మంచిదని వెళ్లి బెల్లు కొట్టాను. ఎంతసేపటికీ ఎవరూ పలకలేదు.

నేను ఫోన్ చేస్తే పోలీసులు డాక్టరును వెంటబెట్టుకుని వచ్చి తలుపు తెరిచారు. ఉషిడా గారు గుమ్మం లోపలే, చెప్పులు విడిచేచోట, తలుపు వైపు చెయ్యి చాపి పడి ఉన్నారు.

"వడదెబ్బ. పడిపోయి అయిదు రోజులై ఉంటుంది," అన్నాడు డాక్టరు. "ప్రాణం పోయి మాత్రం రెండు రోజులు కూడా కాలేదు."

పోలీసు ఆ అట్ట తీసి నాకిచ్చాడు. "ఇది మీ వీధిదేనామ్మా?"

పై కాగితం ఇప్పుడు మళ్లీ చదివాను. "ఎండలు ముదిరాయి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల తలుపు తట్టి, ఒక్కసారి పలకరించండి."

అడుగున ఉషిడా గారి గడి ఖాళీగా ఉంది. దాని పైగడిలో, చదివాననడానికి, నా ఎర్ర ముద్ర ఉంది.