కరివేపాకు ఎవరు తేవాలి?

“పోపు మాడిపోతోందండీ! రెండు రెబ్బల కరివేపాకు కోసుకురమ్మంటే కదలరేం?” వంటింట్లోంచి కేకేసింది వెంకటలక్ష్మి.

“దీపాలు పెట్టే వేళ పెరట్లోకా? పాము కరిచిన ఒళ్ళే ఇది! నువ్వెళ్ళు,” అన్నాడు గోవర్ధనరావు, పేపరు మడవకుండానే.

ఆవిడ స్టవ్ కట్టేసి, టార్చిలైటు పుచ్చుకుని పెరట్లోకి నడిచింది.

అవనిగడ్డలోని ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. పొద్దుగూకాక పెరటి తలుపు గడియ, మోటారు స్విచ్చి, ఆరేసిన బట్టలు అన్నీ ఆవిడవే. ఆయనది పాము కరిచిన హోదా. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు గానీ ఈ హోదాకి రిటైర్మెంటు లేదు.

కూతురు మాధవీలతకి ఆ కథ కంఠతా వచ్చు. తను పుట్టకముందు, నాగాయలంక దగ్గర సొంతూళ్ళో, గడ్డివామి పక్కన నాన్నని రక్తపింజర కరిచింది. ఆయన పెట్టిన కేకకి ఊరంతా వచ్చి నులకమంచం మీద మోసుకెళ్ళింది. మంత్రగాడు వేపాకు నమిలిస్తే చేదు తెలియలేదట. అంటే విషం ఎక్కినట్టే. మర్నాడు పొద్దున లేచి కూర్చుని, ఇడ్లీలోకి కారప్పొడి అడిగాడట.

“మరి అమ్మ?”

“మీ అమ్మా? ఆ పాము అంతు చూస్తానని లాంతరు పట్టుకుని గడ్డివామి దగ్గరికెళ్ళింది. తుమ్మముల్లు తొక్కి నెల్లాళ్ళు కుంటింది. ఇప్పటికీ ముసురు పట్టిందంటే ఆ కాలు వాచిందంటుంది. ముల్లుకమ్మా, ముల్లుకి!”

మాధవి బందరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. పాముకాటు తిని బతికినవాళ్ళ రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, చిన్నచిన్న గడుల్లో గులాబిరంగు ద్రవం పోసి పెంచుతారక్కడ. పస తీసేసిన విషం వాటికి చూపిస్తారు. ఒకప్పుడు ఆ విషాన్ని ఎరిగిన కణాలైతే యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి తయారైనచోట నీలం చుక్క పడుతుంది. ఎరగని కణాలైతే గడి తెల్లగా ఉండిపోతుంది.

“కరివేపాకు గొడవ తేల్చిపారేద్దాం నాన్నా,” అంది మాధవి ఆ రాత్రి. “చుక్కలొస్తే మిమ్మల్ని పెరట్లోకి వెళ్ళమని ఈ జన్మలో ఎవరూ అడగరు. రాకపోతే టార్చిలైటు మీది.”

గోవర్ధనరావు అప్పటికప్పుడు చొక్కా చెయ్యి మడిచేశాడు.

“పోల్చి చూడ్డానికి పాము కరవని మనిషి రక్తం కూడా కావాలి. అమ్మా, చెయ్యి చాపు.”

“నాదెందుకే? పక్కింటి సత్యవేణిని అడుగు.”

“మీ అమ్మకి సూదంటే హడలు. ముల్లుకే నెల్లాళ్ళు కుంటిన మనిషి!” నవ్వాడు ఆయన.

వెంకటలక్ష్మి మొగుడి వంక ఒక్క క్షణం చూసింది. చెయ్యి చాపింది.

మర్నాడు బందరు బస్సులో మాధవి ఒళ్ళోని డబ్బా చూసి, “ఏంటమ్మా అందులో?” అన్నాడు కండక్టరు.

“మా అమ్మానాన్నల రక్తమండీ.”

“ఎక్కడైనా పిల్లలు తాగేస్తారు గానీ ఇలా మోసుకెళ్తారా?” అని టికెట్ చింపాడు.

నాన్న కథలో పాము పాలు తక్కువ, వేపాకు పాలు ఎక్కువ అని మాధవి అనుమానం. అందుకే గడిలో నీలం చుక్కలు వడగళ్ళలా కనిపించేసరికి తన కళ్ళని తనే నమ్మలేదు. మిగిలిన కణాలతో పరీక్ష మళ్ళీ చేసింది. మళ్ళీ అవే చుక్కలు.

ఆదివారం భోజనాల దగ్గర చెప్పింది. “చుక్కలొచ్చాయి. రక్తపింజరే. అనుమానం లేదు.”

“విన్నావుటే!” గోవర్ధనరావు గోంగూరపచ్చడి ముద్ద గాల్లోనే ఆపాడు. “సైన్సు కూడా ఒప్పుకుంది. ఇక ఈ ఇంట్లో కరివేపాకు మాటెత్తితే ఊరుకోను!”

“ఇప్పుడవన్నీ ఎందుకే, మజ్జిగ పోసుకో,” అంది వెంకటలక్ష్మి కూతురితో, కాలు చీరకుచ్చిళ్ళ కిందికి లాక్కుంటూ.

మాధవి మజ్జిగ పోసుకోలేదు. లేచి, అలమరలోని టార్చిలైటు తెచ్చి నాన్న కంచం పక్కన పెట్టింది.

“ఇవాళ్టి నుంచి ఇది మీది నాన్నా. ఆ చుక్కలు అమ్మ గడిలోవి. ఆ రోజు ముల్లు గుచ్చుకున్నది మీకు.”