రెండో సర్వరు ఎందుకు లేవదు

“నీ ముసలమ్మ ఇంకా లేవలేదా?”

ఆ మాటన్నది టూవె. స్వీడన్‌లో హెర్నోసాండ్ సామిల్లులో లారీలు పంపే పని అతనిది. చేతిలో కాఫీ కప్పుతో గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కంప్యూటర్లు చూసుకునే యోర్డిస్ తల ఎత్తలేదు. ఎత్తితే నోటికి ఏమొస్తుందో ఆమెకే తెలియదు.

ముసలమ్మంటే రెండో సర్వరు. కంపెనీ మెయిళ్లన్నీ మొదటి సర్వరు మీద నడుస్తాయి. అది పడిపోతే పక్కనున్న రెండోది ఠక్కున లేచి పని అందుకోవాలి. దాన్ని కొన్నదే అందుకు. కానీ ఈ మహాతల్లి లేచేసరికి ఆఫీసులో కాఫీలు తాగడమూ, కప్పులు కడగడమూ, భోజనాల మాట ఎత్తుకోవడమూ కూడా అయిపోతాయి. చూసుకునేది యోర్డిస్ కనుక తిట్లన్నీ యోర్డిస్‌కే.

ఇవాళ మొదటిది దానంతట అది పడిపోలేదు. పరీక్ష కోసం పడేయమన్నవాడు మేనేజరు సోల్వె. కాఫీ వేళ ముగిసేలోగా రెండోది లేచిందా, సరే. లేవలేదా, మెయిలు పనంతా బయటి కంపెనీకి అప్పగించేస్తారు, యోర్డిస్ ఉద్యోగం ఊడుతుంది. పక్కగదిలో అప్పటికే సగం బన్నులు అయిపోయాయి.

సోల్వె వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అతను ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. తెర వైపు చూసి, “ఆసక్తికరంగా ఉంది” అన్నాడు. సోల్వె నోట ఆ మాట వచ్చిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

యోర్డిస్‌కి ఒళ్లు మండిపోయింది. “ఏమిటి ఆసక్తికరం, నన్ను ఇంటికి పంపడమా? వైర్లు మార్చాను. డిస్కులు మార్చాను. మొదటిదాన్లో ఉన్న డేటాబేసు రెండోదాన్లోనూ పొల్లుపోకుండా ఉంది. యంత్రం గుండ్రాయిలా ఉంది, సోల్వె. దీనికి ఏ రోగమూ లేదు.”

“మరి లేవదేం?” అన్నాడు టూవె.

“అదే చూస్తున్నా. నువ్వెళ్లి నీ లారీలు చూసుకో.”

“ఆర్డర్లు వస్తేగా లారీలు చూసుకునేది. ఆర్డర్లొచ్చేది మెయిల్లో. డ్రైవర్లు గేటు దగ్గర నిలబడి నా మొహం చూస్తున్నారు.”

యోర్డిస్ మళ్లీ తెర వైపు తిరిగింది. రెండో సర్వరులో నడుస్తున్న పనులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. అన్నీ ఎరిగినవే. అడుగున మాత్రం ఒక చిన్న ప్రోగ్రాం కనిపించింది. ఆమె పెట్టింది కాదు. తెరిచి చదివింది. నమ్మకం కలగక మళ్లీ చదివింది. తర్వాత కుర్చీ ఇటు తిప్పింది.

“ఇది ఎప్పుడో సిద్ధమైంది. మొదటిది పడిన వెంటనే సిద్ధమైంది. ఎవరో పుణ్యాత్ములు దీని కాళ్లు కట్టేశారు. ఆఫీసులో పెద్దలందరూ సరేనంటే తప్ప లేవకూడదట. ఎంతసేపటికీ ఎవరూ పలక్కపోతే అప్పుడు విసుగొచ్చి తనే లేస్తుందట. ఎవరు పెట్టించారిది?”

సోల్వె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అది మేమందరం కలిసి అనుకున్నదే. నువ్వు పసివాడితో సెలవులో ఉన్నప్పుడు. ఎవర్నీ సంప్రదించకుండా ఒక యంత్రం తనంతట తాను నిర్ణయం తీసుకోవడం బాగుండదని కొందరికి అనిపించింది. చాలా మీటింగులు జరిగాయి.”

“నాతో ఒక్కరైనా చెప్పలేదేం?”

“పిల్లల కోసం సెలవు పెట్టినవాళ్లని ఆఫీసు గొడవలతో ఇబ్బంది పెట్టకూడదు కదా.”

“సరే, చాలా గౌరవం చూపించారు. మరి ఇది మీ అందర్నీ ఎలా అడుగుతుందో ఎవరైనా ఆలోచించారా?”

“ఎలా అడుగుతుంది?” అన్నాడు టూవె.

“మెయిలు పెట్టి.”

టూవె కప్పు బల్లమీద పెట్టేశాడు. “అంటే, మెయిలు పడిపోయింది, నేను లేవనా అని మనకి మెయిలు పెడుతోందా?”

“పెడుతోంది. ఆ మెయిలు బయటికి పోవాలంటే ముందు తను లేవాలి. జవాబు రావట్లేదని పాపం కాచుక్కూచుంటోంది. ఇక్కడ మీరేమో నన్ను ఆడిపోసుకుంటున్నారు. సెలవు నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ పడుతున్నాను. కాఫీ బల్ల దగ్గర నేను కూచుంటే మాటలు ఆపేస్తున్నారు. చేతకానిదాన్నని, పిల్లాడు పుట్టాక బుర్ర మొద్దుబారిందని అనుకున్నారు. కట్టేసింది మీరు, పరుగెత్తలేదని కొట్టింది నన్ను.”

టూవె నేల చూపులు చూశాడు. సోల్వె మొహం కందిపోయింది.

“నువ్వన్నది నిజం. సిగ్గుపడాల్సిన సంగతే. నిన్ను అనవసరంగా బాధపెట్టాం” అన్నాడు సోల్వె.

“బాధ సంగతి తర్వాత చూద్దాం. ఈ షరతు తీసేస్తే చాలు, ఇప్పుడే లేస్తుంది. కాఫీ వేళ ఇంకా అయిపోలేదు. తీసేయనా?”

“తీసేయాల్సిందే. ఇంత తెలివితక్కువ షరతు ఇంకొక్కరోజు కూడా ఉండకూడదు.”

టూవె ఊపిరి పీల్చుకుని, డ్రైవర్లకు చెప్పడానికి ఫోను తీశాడు. చాలా రోజుల తర్వాత యోర్డిస్ మొహాన నవ్వు కనిపించింది. ఆ షరతు మీద గుర్తు పెట్టి, చెరిపేసే మీట మీద వేలుంచింది.

“ఒక్క నిమిషం” అన్నాడు సోల్వె, ఎంతో మర్యాదగా. “అందరం కలిసి పెట్టుకున్న షరతు కదా, మన ముగ్గురమే తీసేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారో. తీసేద్దామా అని ముందు అందరికీ ఒక మెయిలు పెట్టు.”