ఎనిమిది మూళ్ళు, చివర ఒకటి

"కాదు మేడమ్" అంది మూడో బెంచీలోంచి ఒక పిల్ల.

బోర్డు ముందున్న టీచర్‌కు గుండె గుభేలుమంది. ఉద్యోగం కోసం ఆమె చెబుతున్న డెమో క్లాసు అది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని కూర్చునుంది. ఆవిడకు పాఠం నచ్చితే ఈ పూటే ఉద్యోగం. నచ్చకపోతే మళ్ళీ బస్సులు, బయోడేటాలు.

అంతవరకు పాఠం సాఫీగానే సాగింది. 31, 331, 3331... ఇలా మూళ్ళు పెంచుకుంటూ పోయి, ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని, ఒకటితో, తమతో తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోవని చెప్పింది. ఊపులో ఇంకా కొన్ని మూళ్ళు చేర్చి 333333331 అని రాసి, "ఇదీ అంతే, రాసుకోండి" అనేసింది. పిల్లలు తలలు వంచి రాసుకుంటుంటే ఈ మాట వచ్చి పడింది.

"కాదా? అయితే దేనితో పోతుందో చెప్పు!"

ఆ పిల్ల నోరు తెరిచింది. ఎందుకో వెనక్కి తిరిగి ప్రిన్సిపాల్ వైపు చూసింది. తల దించుకుంది.

"తెలీదు మేడమ్."

టీచర్‌కు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది.

"నోరుంది కదా అని ఏదో ఒకటి అనెయ్యడమేనా? బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడు!"

క్లాసు నవ్వింది. చరిత్ర చదువుకున్న ప్రిన్సిపాల్ కూడా నవ్వింది. ఉద్యోగం వచ్చింది.

ఇంటికొచ్చాక, భర్తకు ఈ ముచ్చట చెబుతూ చెబుతూ, సరదాకి ఆ సంఖ్యను కాగితం మీద భాగించి చూసింది. ఏడుతో పోలేదు. పదకొండుతో పోలేదు. పదమూడుతోనూ పోలేదు. పదిహేడుతో నిక్షేపంగా పోయింది.

"అదేంటి, ముఖం అలా అయిపోయింది?" అన్నాడు భర్త.

"ఆ పిల్ల చెప్పిందే నిజమండీ. అందరి ముందూ నిలబెట్టాను."

"ఎవరికి తెలుస్తుందిలే, ఊరుకో."

"నాకు తెలిసిందిగా!" అంది. సిగ్గుతో అన్నం కూడా సయించలేదు.

మర్నాడు క్లాసులోకి వెళ్తూనే ఆ సంఖ్యను మళ్ళీ బోర్డు మీద రాసింది.

"నిన్న నేను చెప్పింది తప్పు. ఇది పదిహేడుతో పోతుంది. పై వరుస చూసి, సరిచూసుకోకుండా వాగేశాను. నన్ను క్షమించమ్మా" అంది మూడో బెంచీ వైపు చూసి.

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. గెలిచానన్నట్టు నవ్వనూ లేదు. ముఖం ఎర్రబడి, బిక్కచచ్చిపోయి లేచి నిలబడింది.

"పదిహేడని నాకు నిన్నే తెలుసు మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"పోయిన వారం డెమోకి వచ్చిన సార్ కూడా ఒక తప్పు చెప్పారు మేడమ్. నేను లేచి అందరి ముందూ చెప్పేశాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఏడుస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయారు."