మెసేజ్ బండి గొంతు

"ఇంతకీ ఎవడు వాడు?" అడెయిల్టన్ మళ్లీ అడిగాడు.

ఆటో ఎలక్ట్రీషియన్ ఓజీయస్ బానెట్ కింద నుంచి తల ఎత్తలేదు. "పేరు చెప్పొద్దన్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా? నీ పని మెసేజ్ వినిపించడం."

ఆ ఊళ్లో మెసేజ్ బండి అడెయిల్టన్‌దే. ఎవరికైనా ఎవరిమీదైనా ప్రేమ పొంగితే అతన్నే పిలుస్తారు. బండి వెళ్లి చెప్పినచోట ఆగుతుంది. వెనకాల పేర్చిన స్పీకర్లలోంచి రేడియో గొంతుతో ప్రేమకబురు మోగుతుంది. వీధంతా మూగుతుంది. పంపిందెవరో ఆఖర్న పేరు బయటపడుతుంది, చప్పట్లు పడతాయి.

చిక్కల్లా కరెంటుతోనే. ఆ ముసలి బండి ఆల్టర్నేటర్ పుట్టించే కరెంటు స్పీకర్ల ఆకలికి చాలదు. కబురు మంచి పట్టులో ఉండగా హెడ్‌లైట్లు మసకబారి, గొంతు బొంగురుపోయి ఆగిపోయేది. కుర్రాళ్లు ఈలలు వేసేవాళ్లు.

ఈ ఒక్క మెసేజ్ మధ్యలో ఆగకూడదని ఇప్పుడెవరో పెద్ద ఆల్టర్నేటర్ కొనిచ్చారు. ఓజీయస్ దాన్ని బిగించి, బ్యాటరీకి బొటనవేలంత లావు వైరు లాగాడు.

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. అడెయిల్టన్‌కి మాత్రం కడుపు మండిపోయింది. ఎందుకంటే బండి ఆగాల్సింది జుసారా కొట్టు ముందు.

జుసారా కర్రపెండలం అట్లు పోసి అమ్ముతుంది. ఏళ్ల తరబడి అతను పొద్దున్నే ఆ కొట్లోనే కాఫీ తాగుతున్నాడు. అడక్కుండానే అతని అట్టులో ఆమె కొబ్బరి ఎక్కువ వేస్తుంది. ఊరందరి ప్రేమనీ వీధి అదిరేలా వినిపించే ఈ మొనగాడు, తన ముక్క ఒక్కటి ఆమె చెవిన వెయ్యలేకపోయాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే ఇంకెవడో ఆల్టర్నేటర్ దాకా వెళ్లిపోయాడు!

శనివారం సాయంత్రం బండి కొట్టు ముందు ఆగింది. జుసారా పసుపు గౌను వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అంటే ముందే తెలుసన్నమాట. ఎదురుగా మందులషాపు వాండెర్లే ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ నవ్వుతున్నాడు. వాడే! వాడు కాక ఇంకెవడు? ఆ చొక్కాని చూస్తుంటే అడెయిల్టన్‌కి ఒళ్లు మండింది.

ఓజీయస్ కిటికీలోంచి పెన్‌డ్రైవ్ అందించాడు. "పూర్తిగా వినిపించు. ఇవాళ నీ బండి చచ్చే ప్రసక్తే లేదు."

స్పీకర్లు ఉరిమాయి. హెడ్‌లైట్లు రెప్ప కూడా వాల్చలేదు. కొట్లో గాజు గ్లాసులు గలగలలాడాయి.

"నా ప్రాణమా! రోజూ పొద్దున నా కళ్లెదుటే ఉంటావు," అంది రేడియో గొంతు. "ఊరందరికీ తీపి పంచుతావు. నా మనసులో మాట మాత్రం నీకు పట్టదు."

జనం "అబ్బో!" అన్నారు. జుసారా కళ్లు చెమర్చాయి. ఆమె జనాన్ని చూడటం లేదు, బండినే చూస్తోంది. ఆ కబురు అంత నచ్చిందా అని అడెయిల్టన్ లోపల్లోపల కుతకుతలాడిపోయాడు. బండి తనది, స్పీకర్లు తనవి, ప్రేమ మాత్రం ఇంకొకడిది!

"ఇంతకాలం దాచుకున్నాను. నేనెవరో ఇప్పుడు అందరి ముందూ నా నోటితోనే చెబుతాను..."

అతని చెయ్యి సీటు కిందికి వెళ్లింది. స్పీకర్లకి కరెంటిచ్చే ఫ్యూజు ఊడబెరికాడు.

వీధి మూగబోయింది.

"మళ్లీ గొంతు పట్టేసిందిరోయ్!" ఎవరో అరిచారు. అందరూ పగలబడి నవ్వారు. ఓజీయస్ ఒక్కడే నవ్వలేదు.

నవ్వి నవ్వి జనం పల్చబడ్డాక జుసారా కిటికీ దగ్గరికి వచ్చింది. అతని పిడికిట్లో ఫ్యూజు కనిపిస్తూనే ఉంది.

"కొత్త ఆల్టర్నేటర్ కదా, ఎలా ఆగింది?"

"నేనే ఆపాను."

"సరిగ్గా పేరు వచ్చేచోటా?"

"ఆ పేరు ఊరు వినడం నాకిష్టం లేదు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "అంత చేదా?"

"విషం! ఆ మనిషికి చెప్పెయ్, ఆశ వదులుకోమని."

"సరే. చెబుతాలే," అంది జుసారా. లోపలికి వెళ్లి షట్టర్ దించేసింది.

గెలిచానన్న సంబరం ఊరు దాటేదాకా కూడా నిలవలేదు. అది వాండెర్లేనో కాదో తేలకపోతే ఎవణ్ణని తిట్టుకోవాలి? అడెయిల్టన్ ఎండిన ఏటి పక్కన బండి ఆపాడు. ఇంజన్ ఆపకుండానే ఫ్యూజు మళ్లీ గుచ్చాడు. మనిషన్నవాడు లేని ఆ బీడు నేలలో స్పీకర్లు ఆగినచోటు నుంచే అందుకున్నాయి.

రేడియో గొంతు తప్పుకుంది, జుసారా గొంతు బీడంతా మారుమోగింది: "నేనేనోయ్ అడెయిల్టన్, ఊరందరి ప్రేమా మోసింది చాలు, ఇక బండి దిగి లోపలికి రా!"