మాట్లాడకూడని చోటు

‘దయచేసి మాట్లాడకండి’ అన్న బోర్డు తలుపు పక్కనే ఉంది. దాన్ని చూసి ఆమెకు నవ్వొచ్చినంత పనైంది. నోరు విప్పని భర్తను వెంటబెట్టుకుని నోరు విప్పకూడని చోటికి వచ్చింది.

విశ్వవిద్యాలయంలో అన్ని మతాలవాళ్ళ ప్రార్థనకూ ఈ చాపెల్ కట్టి ఎంతో కాలం కాలేదు. గోపురం లేదు, గంట లేదు. గుండ్రటి కాంక్రీటు గోడ, చుట్టూ మోకాటి లోతు నీళ్ళు. అంతే. దాని ఫోటో ఒక పత్రికలో వచ్చింది. ఆమె దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట మీద ఆ పత్రిక తెరిచి పడి ఉంటే చూసింది. “ఆదివారం వెళ్దామా?” అని తనే అడిగింది. ఆయన తలూపాడు.

ఆయన లెక్కల మాస్టారు. ఒకప్పుడు ఆయన పాఠం చెబుతుంటే పక్క గది పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పేవారని బడిలో నవ్వుకునేవారు. కూతురు పోయినప్పటి నుంచి ఆ గొంతు పడిపోయింది. “ఊ”, “వద్దు”, “తాళం తీసుకున్నావా?” ఇంట్లో మిగిలిన మాటలు ఇవే. పోయిన ఆదివారం పొద్దున్నే ఎటో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. అడగడం ఎప్పుడో మానేసింది.

ఆయన మౌనానికి కారణం ఆమెకు తెలుసు. జ్వరంతో పడుకున్న పిల్లను లేపి, “మాత్ర వేసుకుని పరీక్ష రాసి రామ్మా, వచ్చాక పడుకుందువుగాని” అని పంపింది ఆమే. ఆమె కూడా టీచరే. పరీక్ష మానడమన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పిల్ల పరీక్ష రాసింది. హాల్లోంచి నడిచి బయటికి రాలేదు.

ఆయన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టినా పడేది. అనకుండా మింగిన ఆ మాటే రోజూ అన్నం దగ్గర ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంటోంది.

రేపు ఆమె అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. తిరిగి వచ్చే ఉద్దేశం లేదు. ఆ సంగతి ఆయనకు ఇక్కడే చెప్పాలనుకుంది. ఇక్కడైతే ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేరు.

అటెండరు చీపురు పక్కన పెట్టి ఎదురొచ్చాడు.

“లోపల దేవుడి బొమ్మ ఏదీ లేదటగా?” అంది ఆమె.

“పెట్టలేదమ్మా. ఎవరి దేవుణ్ణి వాళ్ళే తెచ్చుకుంటారు. కొందరు పోతూ పోతూ ఇక్కడే వదిలేసి పోతారు.”

“పిల్లలు వస్తుంటారా?”

“పరీక్షల ముందు నిలబడ్డానికి చోటుండదు. రిజల్ట్స్ వచ్చాక పిలిచినా రారు.”

ఆమె చూపు తిప్పుకుని తలుపు పిడి పట్టుకుని లాగింది. కదల్లేదు.

“అందరూ లాగుతారమ్మా. తీరా అది…”

అటెండరు మాట పూర్తయ్యేలోగా ఆయన వెనకనుంచి చెయ్యి చాచి తలుపును తోశాడు. తెరుచుకుంది.

లోపల మరెవరూ లేరు. ఎక్కడా మూలన్నది లేని నున్నటి గోడ. కప్పులోని అద్దం గుండా దిగుతున్న వెలుగు. గోడ పొడవునా చెక్క బల్లలు. ఆయన ఒక బల్లను జేబురుమాలుతో తుడిచి ఆమె వైపు చూశాడు. ఆమె కూర్చుని, పక్కన ఆయనకు చోటు వదిలింది. ఆయన కూర్చోలేదు. అవతలికి నడిచి, సరిగ్గా ఎదుటి బల్ల మీద, ఆమెకు వీపు పెట్టి, గోడకు మొహం చేసి కూర్చున్నాడు.

ఇక్కడ కూడా పక్కన కూర్చోలేకపోయాడు. ఇంక చెప్పడానికి మాత్రం ఏముంది? ఆమె కళ్ళు మూసుకుని తల వెనక్కి గోడకు ఆనించింది.

“చిట్టితల్లీ.”

చెవి పక్కనే వినబడింది. ఉలిక్కిపడి చూసింది. పక్కన ఎవరూ లేరు. దూరంగా ఆయన వీపు.

“నాకు కోపమనుకుంటోందే మీ అమ్మ. కోపం కాదు. నోరు తెరిస్తే ముందు నీ పేరే వస్తుంది. అది విని తను తట్టుకోలేదని మూసుకున్నాను. ఆ రోజు నేనూ గుమ్మంలోనే ఉన్నాను కదా. నీ పెన్నులు రాస్తున్నాయో లేదో గీసి చూసి ఇచ్చింది నేనే కదా. తనొక్కతే పంపినట్టు మోస్తోంది.”

తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

“అటక మీంచి పెట్టె దించింది. మంచం కింద దాచింది, నేనెప్పుడూ ఊడవననుకుని. ఉండమని చెప్పవే. నా మాట గొంతు దాటట్లేదు. నువ్వు చెబితే వింటుంది.”

ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గోడతో చెప్పుకుంటున్నాడు. ఎవరూ వినడం లేదనుకుని చెప్పుకుంటున్నాడు. విన్నానని తెలిస్తే ఆ నోరు మళ్ళీ మూతపడుతుంది. చప్పుడు కాకుండా లేచి బయటికి వచ్చింది.

అటెండరు నీళ్ళలో పడ్డ ఆకులు ఏరుతున్నాడు.

“బాబూ, ఆ గోడ అటు మాట ఇటు తెస్తుందా?”

“తెస్తుందమ్మా. గుండ్రంగా ఉంది కదా, గోడ పట్టుకుని మాట నడిచొచ్చేస్తుంది. అన్ని బల్లలకీ రాదు. ఎదురెదురుగా ఉన్న ఆ రెంటికే.”

“నీకు పుణ్యముంటుంది, ఆ సంగతి ఆయనకు చెప్పకు. పెట్టె మళ్ళీ అటకెక్కించేస్తాను. వచ్చే ఆదివారం కూడా తీసుకొస్తాను. మాట్లాడనీ.”

అటెండరు చేతిలో ఆకులు అలాగే పట్టుకుని ఆమె వైపు చూశాడు.

“పోయిన ఆదివారం పొద్దుగూకేదాకా సార్ నన్ను ఒక్కో బల్ల మీదా కూర్చోబెట్టి, గోడకేసి ‘చిట్టితల్లీ, వినబడుతోందా’ అని అడిగింది మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకోడానికే కదమ్మా.”